రారాదు

కొత్తగూడ, హైదరాబాదు
8 ఫిబ్రవరి 1999

మా పార్వతికి, కోపం కొంతా ప్రేమ మిగతా అంతా కలిపి అక్కయ్య రాస్తున్నది.

నువ్వు రాసింది తప్పు. ఆవిడ "రారాదూ" అనలేదు. "రారాదు" అంది. ఆ రెండింటికీ ఎంత దూరమో నీకు తెలియకపోవడానికి కారణం, చిన్నప్పుడు వ్యాకరణం గంటలో నువ్వు కిటికీలోంచి ఐసుబండి కోసం చూస్తూ కూచోవడం. మన వైపు ఎవరినైనా బతిమాలేటప్పుడు "మీరూ రారాదూ" అని చివర సాగదీస్తాం. పిలుపంతా ఆ దీర్ఘంలోనే ఉంటుంది. దీర్ఘం తీసేస్తే మిగిలేది నిషేధం. బస్సులో "పొగ త్రాగరాదు" అని రాసి ఉంటుంది. అది చదివి, పాపం ఆర్టీసీ వారు నన్ను బతిమాలుతున్నారు కాబోలు అని ఎవడైనా చుట్ట ముట్టిస్తాడా? ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి చెప్పి రిటైరైనదాన్ని. నిషేధార్థకం నాకు తెలియదా?

పోయిన ఉత్తరం ఒళ్ళు మండుతూ రాశాను గనక సగం నీకు అర్థమైనట్టు లేదు. మళ్ళీ మొదటినుంచి చెబుతాను.

మా అబ్బాయి చలపతి ఆఫీసు ఆ హైటెక్ సిటీ అంటారే, బండరాళ్ళ మధ్య లేచిన గుండ్రటి అద్దాల మేడ, అందులో. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిది వందలనుకుంటాయట. అలా అనుకోకుండా వాటికి నచ్చజెప్పడం వీడి ఉద్యోగం. అందరికంటే ముందు నచ్చజెప్పాడని కంపెనీ వాళ్ళు మెచ్చి, ఇంటిల్లిపాదినీ నాలుగు రోజులు లక్షద్వీపాల్లో ఒక చిన్న దీవికి పంపిస్తామన్నారు. ఒక కొసన తుమ్మితే రెండో కొసన "చిరంజీవ" అనగలిగినంత దీవి. గుడి లేదు, బజారు లేదు, చూసి రావలసిన బంధువులు లేరు. ఇసకలో వెల్లకిలా పడుకోవడమే అక్కడ కార్యక్రమం.

నీకు తప్ప ఎవరికీ చెప్పను గానీ, పార్వతీ, నాకు వెళ్ళాలని ఉంది. "ద్వీపమనగా నాలుగు వైపుల నీటిచే ఆవరింపబడిన భూభాగము" అని ఎన్ని తరాల పిల్లల చేత వల్లె వేయించానో. ఒక్కసారైనా మధ్యలో నిలబడి, నాలుగు వైపులూ తిరిగి చూసి, పాఠ్యపుస్తకం వాళ్ళు అబద్ధం చెప్పలేదని తేల్చుకోవాలని నా కోరిక. ఇదేం పెద్ద కోరికా?

ఆ వార్త తెలిసిన ఆదివారం మమ్మల్ని మా వియ్యపురాలు భోజనానికి పిలిచింది. నీకు ఆవిణ్ణి పెళ్ళిలో చూసిన జ్ఞాపకం ఉండొచ్చు. రుక్కమ్మ. మా కోడలు రోహిణి తల్లి. ఇక్కడే నానక్‌రామ్‌గూడలో ఇల్లు, కాస్త పొలం, బర్రెలు. మనిషి మంచిదేనని ఇంతకాలం అనుకున్నాను. కాకపోతే మొదటినుంచీ ఆవిడ మర్యాద నాకు అంతుపట్టేది కాదు. తొలిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నవారు మంచం చూపించి, నవ్వు మొహంతో, "కూసోరాదు వదినా" అంది. ఎవరో పెద్దవాళ్ళు పడుకునే మంచం కాబోలనుకుని, ఈ మోకాళ్ళతో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ తరవాత సర్వపిండి పళ్ళెంలో పెట్టి, నా చేతికిచ్చి మరీ, "తినరాదు" అంది. ఏదో నోము పట్టి ఉంటుంది, నైవేద్యం కాలేదు కాబోలు అని పళ్ళెం అలాగే పట్టుకున్నాను. చల్లారిపోయింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. అందరం భోంచేశాక ఆవిడ మర్నాటికి చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూచుంది. చలపతి దీవి గురించి, ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళడం గురించి చెబుతున్నాడు. నా మనవరాలు రసజ్ఞ వాళ్ళ అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టుకుని వింటోంది. అప్పుడు రుక్కమ్మ తలైనా ఎత్తకుండా, చిక్కుడుకాయ విరిచినంత తేలిగ్గా, "వదినా, నువ్వు గూడ రారాదు" అంది.

"గూడ" అట. అంటే ఇంకెవరెవరు రాకూడదో నాకు తెలియదు. నేనైతే ఉన్నాను ఆ జాబితాలో.

నేను మర్యాద వదల్లేదు. "సరే వదినగారూ, మీరెలా అంటే అలాగే" అన్నాను. ఆవిడ "గంతే గద" అని నవ్వింది. నవ్వింది, పార్వతీ. మేం ఆటో ఎక్కుతుంటే వీధిలోకి వచ్చి, అందరి ముందూ మళ్ళీ అదే మాట అంది. నేను వినలేదేమోనని అనుమానం కాబోలు.

ఇంటికి రాగానే చలపతితో, "ఆ ప్రయాణం మాట నా దగ్గర ఎత్తొద్దు" అని చెప్పేశాను. వాడు నా మొహం చూసి, పెళ్ళాం మొహం చూసి, "సరేనమ్మా, ఎత్తం" అన్నాడు. ఎంత తొందరగా ఒప్పుకున్నాడో. తల్లి వదిలేసుకున్నందుకు ఊపిరి పీల్చుకున్నట్టుంది.

కోడలి తల్లి ప్రయాణం కట్టడం, కొడుకు తల్లి ఇంటికి కాపలా. కొడుకు నా కొడుకు, బహుమానం ఇచ్చింది వాడి తెలివికి. ఆ తెలివికి చిన్నప్పుడు ఎక్కాలు నేర్పింది నేనా, రుక్కమ్మా? అసూయ అంటావేమో. అను. నేనే అనుకుంటున్నాను. పద్యాల్లో అసూయకు ఎన్నో పర్యాయపదాలు చెప్పాను గానీ, అది వచ్చినప్పుడు కడుపులో సరిగ్గా ఏ చోట ఉంటుందో ఇప్పుడు తెలిసింది. బొడ్డుకు కాస్త పైన.

అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. మీ ఇంటి వెనక గది ఖాళీగానే ఉందిగా. సున్నం వేయించు. వాళ్ళు దీవికి వెళ్ళేనాడు నేను అమలాపురం వస్తున్నాను. చూసి పోవడానికి కాదు, ఉండిపోవడానికి. ఈ ఇంట్లో నా చోటు నాదే అనుకున్నాను. రారాదన్నప్పుడు ఒక్కరైనా "అదేమిటి" అనలేదంటే, నా చోటు ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారన్నమాట. చలపతికి ఇప్పుడే ఏమీ తెలియనివ్వకు.

పిలుపు నోచుకోని
నీ అక్కయ్య
నాగేశ్వరి


కొత్తగూడ
27 ఫిబ్రవరి 1999

పార్వతీ, నాకు బుద్ధి చెప్పబోయి సున్నం సంగతి రాయడం మరిచిన దానా,

"ఒక్కసారి రోహిణినే అడిగి చూడు" అని రాశావు. అడగను. నన్నూ రానివ్వండి అని కోడల్ని దేబిరించడానికి నేనింకా అంత ముసలిదాన్ని కాలేదు.

ఇక్కడ ఇల్లు ఇల్లులా లేదు. చక్రాలున్న ఎర్ర పెట్టెలు వచ్చాయి. నల్ల కళ్ళద్దాలు వచ్చాయి. నేను గదిలోకి వెళితే మాటలు ఆగిపోతాయి. నిన్న చలపతి బల్ల మీద పటం పరిచి రసజ్ఞకు ఏదో చూపిస్తున్నాడు. నేను మంచినీళ్ళ కోసం వచ్చేసరికి గబుక్కున మడిచేశాడు. వాళ్ళంతా నిద్రపోయాక, అవమానం అనుకోకుండా, నా పాత అట్లాసు తీసి భూతద్దం పెట్టి వెతికాను. కేరళకు పక్కగా ఒక చుక్క ఉంది. అది దీవో, ఎప్పుడో ఈగ చేసిన పనో తేల్చలేకపోయాను.

రుక్కమ్మ వారంలో రెండుసార్లు దిగుతోంది. నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కి, పాల క్యాను ఒళ్ళో పెట్టుకుని, మా మెట్లన్నీ రొప్పకుండా ఎక్కేస్తుంది. ఆ మోకాళ్ళు చూసినా నాకు కంటగింపే. నాకంటే రెండేళ్ళే చిన్న. పైకి రాగానే "పిల్లా, యాడున్నవే" అని కేక. రసజ్ఞ నా దగ్గర రాస్తున్న కాపీపుస్తకం వదిలి పరిగెత్తుతుంది. అక్షరం మధ్యలో వదిలేసి, పార్వతీ. ఒక తలకట్టు పెట్టేపాటి ఓపిక కూడా లేకుండా.

మొన్న ఆవిడ రెండు టోపీలు కొనుక్కొచ్చింది. ఎండకు పెట్టుకునే పెద్ద అంచుల గడ్డి టోపీలు. ఒక తలకి రెండు టోపీలేమిటో. పొద్దుటికొకటి, సాయంత్రానికొకటి కాబోలు. వాటిని నా మంచం మీదే పెట్టి, "ఎట్లున్నయ్ వదినా" అని అడిగింది. "ఎండ తగలకుండా ఉంటుంది, మంచిదే" అన్నాను. "నీకు ఏది నచ్చింది?" అంది. పుండు మీద కారం చల్లి ఏ కారం బావుందని అడిగినట్టుంది. "రెండూ మీకు బాగానే ఉంటాయి" అన్నాను. ఆవిడ మొహం కాస్త వాడింది. వాడనీ.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక తలుపు వేసి, ఆకుపచ్చ పట్టీ ఉన్నది నా తల మీద పెట్టి అద్దంలో చూశాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. ఆవిడ తల నా అరచేతిలో పట్టేంత ఉంటుంది. అంత పెద్ద టోపీ ఎందుకు తీసుకుందో. నాకు బాగుంది కూడా. ఈ ముక్క ఎవరికీ చెప్పకు.

రోహిణి వచ్చి, "అత్తమ్మా, మీ ఫోటో కావాలె, కొత్తది" అంది. ఎందుకని నేను అడగలేదు, తను చెప్పలేదు. "వద్దులే, చెప్తే మళ్ళ మీరు పరేషాన్ అయితరు" అంది. ఓటరు కార్డుకనుకుంటాను. ఇప్పుడు ఓటుకైతే పనికొస్తాను. కొత్తగూడ చౌరస్తా దగ్గర స్టూడియోకి తీసుకెళ్ళింది. ఆ పిల్లాడు నవ్వమన్నాడు. ఓటరు కార్డుకి నవ్వెందుకని నవ్వలేదు.

మార్చి ఏడు, ఆదివారం పొద్దున్నే వాళ్ళ విమానం. సాయంత్రం గౌతమిలో నాకు బెర్తు దొరికింది. కింది వాటావాళ్ళ చేత రహస్యంగా తెప్పించుకున్నాను. వాళ్ళు గుమ్మం దిగేటప్పుడు చెబుతాను. ముందే చెబితే చలపతి చిన్నప్పుడు పలక పగిలితే పెట్టే మొహం పెడతాడు, నేను మెత్తబడతాను. మెత్తబడితే, ఆవిడ ఎండకి నల్లబడి తిరిగొచ్చి ఆ సముద్రం కబుర్లు చెబుతుంటే, ఊ కొడుతూ ఈ ఇంట్లోనే కూచోవాలి. నా వల్ల కాదు. రాజమండ్రిలో దిగి బస్సెక్కుతాను. మీ ఆయన్ని స్టాండుకి పంపు.

రసజ్ఞ సంగతి ఒక్కటే. దాని పరీక్షలు ఏప్రిల్లో. సమాసాలు ఎవరు చెబుతారో తెలియదు. వాళ్ళ అమ్మమ్మ చెబుతుందేమో చూస్తాను.

పెట్టె సర్దుకున్న
నీ అక్కయ్య
నాగేశ్వరి


ఒక దీవి మీదనుంచి
9 మార్చి 1999

పార్వతీ, బస్టాండులో మీ ఆయన్ని ఎండబెట్టినందుకు ముందు ఆయనకు నా క్షమాపణలు చెప్పి, తరవాత చదువు.

చలపతి సోమవారం ఎప్పుడో ఫోన్ చేసి "అమ్మ మాతోనే ఉంది" అని మాత్రం చెప్పాడట. వాడికి అంతకంటే పొడుగు వాక్యం రాదు. మిగతాది నేను చెబుతాను. నవ్వితే నవ్వావు గానీ, ఈ ఉత్తరం మీ వీధిలో ఎవరికీ చూపించకు.

ఆ ఆదివారం తెల్లవారేసరికి టాక్సీ వచ్చింది. నానక్‌రామ్‌గూడనుంచి రుక్కమ్మ అప్పటికే దిగింది, తల మీద ఒక టోపీ, చేతిలో ఒకటి. నేను నా ఆకుపచ్చ ట్రంకు పెట్టె పట్టుకుని హాల్లోకి వచ్చాను.

"ఏంది వదినా, గీ పాత పెట్టె తెచ్చినవ్? కొత్తయి ఉన్నయ్ గద" అంది.

"నేను అమలాపురం వెళుతున్నానండీ. రైలు సాయంత్రం. తాళాలు ఇచ్చి మీరు బయల్దేరండి" అన్నాను.

చలపతి దగ్గరికొచ్చి, చిన్నపిల్లకు చెప్పినట్టు, "అమ్మా, మొదటిసారి విమానమంటే ఎవరికైనా భయమే. పక్క సీట్లో నేను కూచుంటాను" అన్నాడు.

"నాకు భయమని ఎవరన్నారు?"

"ఆ మాటే ఎత్తొద్దన్నావు కదమ్మా. భయపడుతున్నావని మేమెవరమూ నీ ఎదుట ఎత్తలేదు. చివరి నిమిషంలో ఎక్కించేద్దామనుకున్నాం." జేబులోంచి టికెట్టు తీశాడు. పేరు నాదే. దానితోపాటు దీవికి వెళ్ళడానికి ఇచ్చే పర్మిట్టు, దాని మీద ఓటరు కార్డుకని నేను నవ్వకుండా తీయించుకున్న ఫోటో.

నేనింకా ఆ ఫోటోనే చూస్తున్నాను. రుక్కమ్మ చేతిలో టోపీ సోఫా మీద పెట్టింది. ఆవిడ గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

"నాతోని వచ్చుడు నీకు నామోషీ. గది చెప్పు వదినా, తప్పేం లేదు. నేను సదువుకోలే. పెద్దగ మాట్లాడుత. నలుగుట్ల నీ పక్కన కూసుంటే నీ ఇజ్జత్ పోతది. గందుకే వస్తనని చెప్పి ఇగ గిప్పుడు రానంటున్నవ్."

"వస్తానని నేనెప్పుడన్నాను? మీరే కదండీ నన్ను రారాదన్నారు."

"అన్న. ఒక్కసారన్ననా? చిక్కుడుకాయ ఇరుసుకుంట అన్న. నువ్వు ఆటో ఎక్కుతుంటే ఉరికొచ్చి మల్ల అన్న. రారాదు, రారాదు అని గంతగనం బతిమిలాడిన."

ఆ వాక్యం నా బుర్రలో పడి ఎటూ పోలేక అక్కడే తిరిగింది, పార్వతీ. రారాదని బతిమాలడం. నేను నోరు తెరిచేలోగా రసజ్ఞ అందుకుంది. "నానమ్మా, అమ్మమ్మ నన్ను రోజూ జల్ది తినరాదు అంటది. అంటే తినమని. తినకపోతే వీపు మీద ఒకటి వేస్తుంది."

అయినా నేను ఊరుకోలేదు. ఇన్నేళ్ళ చదువు ఒక్క నిమిషంలో వదులుకోవడం కష్టం. "బస్సులో పొగ త్రాగరాదని రాస్తారు. మరి దానికేమంటారు?" అన్నాను.

"బస్సు మాట బస్సుది, నా మాట నాది. నేనేమన్న ఆర్టీసోల్లనా వదినా?"

రోహిణి గోడ వైపు తిరిగి నవ్వాపుకుంటోంది. రుక్కమ్మకింకా నవ్వు రాలేదు. ఆలోచిస్తోంది. "మరి ఆనాడు మంచం మీద కూసోరాదు అంటే, మోకాళ్ళ నొప్పులు పెట్టుకుని గోడకు నిలవడ్డది గిందుకేనా? మా ఆయన ఎదురుంగ ఉన్నడని కూసోలేదనుకున్న. ఆంధ్రోళ్ళ మర్యాదేమో అని ఆయనను బర్రెల కాడికి తోలిన."

పాపం, ఆ పెద్దమనిషి నా వ్యాకరణం మూలంగా ఎండలో నిలబడ్డాడు.

కింద డ్రైవరు హారన్ కొట్టి కొట్టి పైకే వచ్చేశాడు. "పెద్దమ్మా, జర కిందికి దిగి బండెక్కరాదు, టైమైతుంది" అన్నాడు. నేను దిగి బండెక్కాను.

అదీ కథ. ఇక ఇక్కడ.

బేగంపేటలో ఎక్కి కొచ్చిలో దిగి, అక్కడ మిడతంత విమానం ఎక్కి, అది దింపిన చోట పడవెక్కి వచ్చాం. విమానంలో భయపడింది చలపతి. దీవి నిజంగానే దీవి. మొదటి సాయంత్రమే చుట్టూ నడిచి వచ్చాను. నాలుగు వైపులా నీళ్ళే. పాఠ్యపుస్తకం వాళ్ళు నిజమే చెప్పారు గానీ, ఆ నీటి రంగు చెప్పలేదు. మనం సున్నంలో కలిపే నీలిమందు బాగా పల్చన చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. మోకాలి లోతులో నా కాలిగోళ్ళు నాకు కనిపించాయి. కత్తిరించుకోవాలని గుర్తొచ్చింది.

ఒక పాకలో రుక్కమ్మకూ నాకూ రెండు మంచాలు. కొత్తగూడలో మధ్యాహ్నమయ్యేసరికి కొత్త మేడల కోసం బండలు పేలుస్తారు, అలమారలో గిన్నెలు కదులుతాయి. ఇక్కడ మొదటి మధ్యాహ్నం ఏదీ పేలకపోయేసరికి నాకు కునుకు పట్టలేదు. రెండోనాటికి అలవాటైంది. లేవగానే ఒక కుర్రాడు కొబ్బరిబోండాం కొట్టి, ఏదో అపురూపమైన వస్తువు ఇస్తున్నట్టు వంగి ఇస్తాడు. కోనసీమదాన్ని, నాకు కొబ్బరిబోండాం. వాడి ముచ్చట కాదనలేక తాగుతున్నాను.

ఇన్ని చూశాక అసూయ పోయి ఉంటుందనుకుంటున్నావు కదూ? పోలేదు. మొన్నటిదాకా దానికి కారణం లేదు, ఇప్పుడు దొరికింది.

రుక్కమ్మకు ఈత వచ్చు. ఊరికే కాళ్ళు కొట్టుకోవడం కాదు. చీర గోచీ పెట్టి, చెంగు నడుముకు చుట్టి, నీళ్ళలోకి దిగి, ఇంట్లో పక్క మీద పడుకున్నంత నింపాదిగా వెల్లకిలా తేలుతుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బావిలో నడుముకి ఎండు సొరకాయ కట్టి వాళ్ళ నాయన తోసేశాడట. "ఆ బాయి ఇప్పుడు లేదు, పూడ్చిన్రు, రోడ్డొస్తదంట" అని చెప్పి మునిగి, ఇంకోచోట తేలింది. రసజ్ఞ ఆవిడ మెడ పట్టుకుని కేరింతలు. నేను టోపీ పెట్టుకుని ఒడ్డున. మనం గోదారి పక్కన పుట్టాం. నాన్నగారు మనల్ని కాలవగట్టు దాకానైనా పోనిచ్చారా? బకెట్టు నీళ్ళతో పెరిగాం. బావులూరి మనిషి తేలుతుంటే గోదారివాళ్ళం గట్టున కూచోవడం ఎక్కడి న్యాయం? కడుపులో ఆ చోటే మళ్ళీ మండింది. బొడ్డుకు కాస్త పైన.

మధ్యాహ్నం ఆవిడ తడిజుట్టు ఆరబెట్టుకుంటూ నా పక్కన ఇసకలో కూచుంది. చెంగు పిండుకుంది. తరవాత అంది:

"ఒక మాట చెప్పాలె వదినా. కోపం చెయ్యకు. నువ్వంటే నాకు కుళ్ళు."

"నేనంటేనా?"

"పిల్ల నీ దగ్గర పెరుగుతుంది. నా ఇంటికొస్తె నా మాటను దిద్దుతది. 'అమ్మమ్మా, గట్ల కాదు, అట్లా అనాలి' అంటది. నేను నోరు తెరిస్తె ఏడ తప్పు దొరుకుతదో అని సూస్తది. నాకు బుగులైతది. కొన్నొద్దులకు నాతోని మాట్లాడుడు బంద్ చేస్తదేమోనని. గందుకే ఎప్పుడొచ్చినా కిందికెంచే కేకేసుకుంట వస్త. నీ కాడికెంచి ఉరికి రావాలె అది. ఉరికొస్తె నాకు పానం నిమ్మలం."

ఆ కేకల అర్థం అది. పిల్ల భాష చెడుతోందని దిద్దింది నేనేనని ఇద్దరికీ తెలుసు. అది కాసేపు గుచ్చుకుంది. కానీ నీ దగ్గర దాపరికమెందుకు, దాని వెనకే ఇంకొకటి కూడా వచ్చింది. నన్ను చూసి కూడా ఈ లోకంలో ఒకరు కుళ్ళుకుంటున్నారని తెలిసి ఎంత హాయిగా ఉందో. ఇన్ని రోజులూ ఒక్కదాన్నే మండుతున్నాననుకున్నాను.

"నాకూ మీరంటే కుళ్ళే" అన్నాను.

"నన్ను సూసి ఏం కుళ్ళు?"

"మోకాళ్ళు. ఈత. ఇంకా ఉన్నాయి, అన్నీ ఒకేరోజు చెప్పను."

అప్పుడు నవ్వింది. చెయ్యి పట్టి లేవదీసి నీళ్ళలోకి నడిపించింది. నడుము లోతులో నా చీర గొడుగులా విచ్చుకుని పైకి తేలింది. దాన్ని కిందికి అదుముకోవడానికే నా రెండు చేతులూ చాలలేదు. ఆవిడ వీపు కింద చెయ్యి పెట్టి, పడుకోమంది. పడుకున్నాను. ఆవిడ మణికట్టు ఉడుంపట్టు పట్టాను. ఆకాశం తప్ప ఏమీ లేదు. చెవుల్లో నీళ్ళు. "వదినా, జర చెయ్యి ఇడువరాదు" అంది. విడవాలా, విడవకూడదా? ఏ వ్యాకరణం ప్రకారమో తేల్చుకునేలోగా ఇద్దరం మునిగాం. లేచి, ఉప్పునీళ్ళు ఉమ్ముకుంటూ, "ఇడువరాదంటే ఇడువు" అంది. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ" అన్నాను. రెండోసారి విడిచాను. ఒక్క క్షణం తేలాను, పార్వతీ. ఒక్క క్షణమే. ఒడ్డునుంచి రసజ్ఞ చూసింది. అదే సాక్షి.

రేపు తిరుగుప్రయాణం. గది సంగతి. సున్నం వేయించి ఉంటే డబ్బు దండగైనందుకు తిట్టుకో. కాలేజీలో చేరే పిల్లలెవరైనా అడిగితే అద్దెకిచ్చెయ్. నేను రాను. రసజ్ఞ పరీక్షలున్నాయి, సమాసాలు నా వంతు. మాట దిద్దడం మానేశాను. ఆ పిల్ల రెండు రకాలుగానూ మాట్లాడనీ. రెండోది నేను దాని దగ్గరే నేర్చుకుంటాను. లేకపోతే ఆ ఊళ్ళో నన్ను ఎవరు పిలుస్తున్నారో, ఎవరు పొమ్మంటున్నారో తెలిసేట్టు లేదు. అసూయ మాత్రం ఇప్పట్లో మానను. చలపతి కంపెనీ వాళ్ళ క్లబ్బులో ఈతకొలను ఉందట, ఆదివారం పొద్దున ఆడవాళ్ళకు వదులుతారట. ఎండాకాలం పోయేలోగా రుక్కమ్మకంటే ఎక్కువసేపు తేలకపోతే నా పేరు నాగేశ్వరి కాదు. నేర్పుతున్నది ఆవిడేననుకో.

అందుకు నువ్వొక పని చెయ్యాలి. మార్కెట్టు వెనక మిషను కుట్టే అతని దగ్గరికి వెళ్ళి రెండు పంజాబీ డ్రెస్సులు కుట్టించు. ముదురు రంగు, తడిస్తే ఒంటికి అతుక్కోని బట్ట, మోకాలి కింది దాకా పొడుగు, బొందులు గట్టివి. ఒకటి నా కొలతకి, పోయిన వేసవిలో మరిచిపోయిన జాకెట్టు నీ బీరువాలోనే ఉంది. రెండోది అంతకు రెండంగుళాలు పొట్టి, భుజాల దగ్గర వదులు, చేతులు బాగా ఆడాలి. ఎవరికని అతను అడిగితే స్కూలు పిల్లలకని చెప్పు. పార్సిలు నా పేరనే కొత్తగూడకి పంపు. పైన "అప్పడాలు" అని రాయి, లేకపోతే రోహిణి విప్పి చూసేస్తుంది.

ఇసక దులుపుకుంటూ
నీ అక్కయ్య
నాగేశ్వరి